చెరుకు కత్తి

చెరుకుతోటలో భార్య బాలమణిని కొడుతున్న మాణిక్‌ను ఊరి వరసకు ఆమెకు తమ్ముడైన మహిధర్ కింద పడేసి, మెడ మీద కత్తి ఆనించాడు.

"మళ్ల అక్క మీద చెయ్యెత్తుతవా?"

"ఎత్తను తమ్మీ! నా బిడ్డ తోడు!"

ఆ బిడ్డ, ఏడేళ్ల మానస, కళ్లార్పకుండా చూస్తోంది.

"నాక్కూడ గిట్ల నేర్పవా మామా? మళ్ల తాగొస్తే నేనే కోస్త."

మహిధర్ చెయ్యి ఆగిపోయింది. తన తండ్రిని చంపినవాళ్లను నరకాలని, మేనమామ తనకీ ఈ వయసులోనే కత్తిచ్చాడు. చెరుకు గణుపు చూపి, "గిది మెడ అనుకో" అన్నాడు. ఆ మేనమామ ఇంటి నుంచి ఈ ఊరికి పారిపోయి వచ్చి, ఇప్పుడు ఆడవాళ్లను కాపాడుతున్నానని మురిసిపోతున్నాడు.

గట్టు మీద బాలమణి నెత్తి నుంచి రక్తం కారుతోంది. మహిధర్ ఇంతసేపూ అటు చూడనే లేదు.

మాణిక్‌ను వదిలేశాడు. తలెత్తలేక, కత్తితో తన తువ్వాలను చీల్చాడు.

"రా బిడ్డా, కట్టు కట్టుడు నేర్పుత."