కట్టు వద్దన్న మనిషి

పరంజా కర్ర విరిగి తాపీమేస్త్రీ కిందపడ్డాడు.

తల పగల్లేదు. కాలు విరగలేదు. కుడి చెయ్యి మాత్రం పైకి లేవనంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ స్కానింగ్ తీయించి చూసింది.

“ఎముక బాగానే ఉంది. ఎముకనీ కండనీ కలిపి పట్టే తాడు తెగింది భుజంలో. ఆపరేషన్ చేసి కుట్టాలి. నెలా రెణ్ణెల్ల లోపు రండి. ఆలస్యమైతే తాడు వెనక్కి ముడుచుకుపోతుంది.”

మేస్త్రీ మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషి.

రెక్కాడితే గాని డొక్కాడని ఇల్లు. ఆ రెక్కనే కోస్తామంటున్నారు.

బావమరిది మాత్రం అందుకున్నాడు.

“ఎముక బాగుందని వాళ్ళే అంటుంటే ఇంక కోతెందుకు బావా? కత్తి పడ్డ చెయ్యి మళ్ళీ తాపీ పట్టిందని ఎక్కడన్నా విన్నావా? కట్లు కట్టే ఇంటికి పోదాం పద. లారీ డ్రైవరు కాలు నిలబెట్టింది ఆ ఇల్లే.”

“ఏమండీ, ఒక్కసారి ఆలోచించుకోండి” అంది ఇంటావిడ.

“ఆలోచించాను” అన్నాడు మేస్త్రీ.

ఆలోచించలేదు. భయపడ్డాడు.

కట్లు కట్టే ఇల్లు సందు చివర. సందు మొదట్లో టీ కొట్టు. కొట్టు ముందు బల్ల మీద మాసిన చొక్కాతో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

“ఏం బాబూ, భుజమా?”

మేస్త్రీ తలూపాడు.

ముసలాయన లేచి వచ్చి, అడక్కుండానే ఆ చేతిని భుజం ఎత్తుకు లేపాడు. “ఇలాగే నిలబెట్టు” అని వదిలేశాడు.

చెయ్యి తడిసిన గోనెలా జారిపడింది. మేస్త్రీ కెవ్వుమన్నాడు.

“ఇది కట్టుకి లొంగేది కాదు నాయనా. ఎముకైతే దగ్గరికి చేర్చి కడితే అతుక్కుంటుంది. తెగిన తాడు అతుక్కోదు. పోయి కోయించుకో.”

బావమరిదికి ఒళ్ళు మండింది.

“ఏ ఆస్పత్రి వాళ్ళు కూర్చోబెట్టారు తాతా నిన్నిక్కడ? మంచి బేరమే పట్టావు!”

ముసలాయన కోప్పడలేదు. సందు చివరికి ఒకసారి చూసి, మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు.

కట్టు కట్టే ఆయన నలభై దాటిన మనిషి. మాట మెత్తన. పసరు రాసి, బద్దలు పెట్టి, గుడ్డ చుట్టాడు.

“తొమ్మిది కట్లు. పదిహేను రోజులకొకటి. కదిలించకండి.”

మూడో కట్టుకే నొప్పి సగం తగ్గింది. ఆ రోజు మేస్త్రీ ఒక్కడే వచ్చాడు.

“నొప్పి తగ్గిందా బాబూ?” అన్నాడు బల్ల మీది ముసలాయన.

“తగ్గింది.” ఆ మాటలో కాస్త గర్వముంది.

“కదలకుండా కడితే ఏ నొప్పైనా తగ్గుతుంది. బలం వచ్చిందా?”

మేస్త్రీ సందు చివరికి అడుగేశాడు.

“ఇంకా వేళ మించలేదు. నా మాట విను.” ముసలాయన మేస్త్రీ ఎడమ చెయ్యి పట్టుకున్నాడు.

మేస్త్రీ విదిలించుకున్నాడు. ముసలాయన చేతిలో టీ ఆయన చొక్కా మీదే ఒలికింది.

“కాటికి కాళ్ళు చాపుకున్న వయసులో ఈ బేరగాడి బతుకెందుకయ్యా నీకు?”

మేస్త్రీ అంత పొడుగు మాట అనడం అరుదు.

“సరే బాబూ” అన్నాడు ముసలాయన, చొక్కా తుడుచుకుంటూ.

లోపల కట్టు విప్పుతుంటే మేస్త్రీ చెప్పాడు. “టీ కొట్టు దగ్గర ఒక ముసలాడు మీ పొట్ట కొడుతున్నాడు. తరిమించండి.”

కట్టు కట్టే ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి.

“ఆ మాటలు వినకండి” అన్నాడు, తలెత్తకుండా.

తొమ్మిది కట్లూ అయ్యాయి. ఆ పైన రెండు నెలలు నూనె మర్దన. నొప్పి పూర్తిగా పోయింది.

మేస్త్రీ పనిలోకి పోయాడు. తాపీతో సిమెంటు తీసి గోడకెత్తాడు.

చెయ్యి నడుము దాటి లేవలేదు. సిమెంటు కాళ్ళ మీద పడింది.

కూలీలు నవ్వబోయి ఆగిపోయారు.

మళ్ళీ డాక్టరమ్మ. ఆమె కూడా చేతిని భుజం ఎత్తుకు లేపి, “నిలబెట్టండి” అని వదిలేసింది.

పడింది.

“కండ ఎండిపోయింది. ఇప్పుడు కుట్టినా పట్టదు. ఇన్నాళ్ళూ ఏం చేశారు? మీకెవరూ చెప్పలేదా?”

“చెప్పారు” అన్నాడు మేస్త్రీ.

ఇంటికి పోకుండా ఆ సందుకే పోయాడు. బల్ల ఖాళీగా ఉంది.

“ఇక్కడ కూర్చునే పెద్దాయన ఏడి?”

టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ చెప్పాడు. “పోయాడు. నెల కావస్తోంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు.”

మేస్త్రీ ఖాళీ బల్ల మీద ఎడమ చెయ్యి ఆనించాడు.

“ఏ ఆస్పత్రి మనిషాయన? వాళ్ళకన్నా చెప్పుకుంటాను, తప్పయిందని.”

“ఆస్పత్రా! జన్మలో ఆ మెట్టెక్కలేదు. నలభై ఏళ్ళు కట్లు కట్టిన చెయ్యి అది. విరిగిన ఎముకతో వచ్చినవాళ్ళని లోపలికి పంపేవాడు, భుజంలో తాడు తెగినవాళ్ళని వెనక్కి పొమ్మనేవాడు. పోనివాళ్ళ చేత తిట్లు తినేవాడు.”

“తానెవరో నాకు చెబితే ఏం పోయేది ఆయనకి?”

“చెబితే కొడుకు పరువు పోదూ? ఇంట్లో చెప్పి చూశాడు, వాడు వినలేదు. నలుగురిలో చెప్పడానికి ఈయనకి నోరు రాలేదు.”

“ఎవరా కొడుకు?”

టీ కొట్టాయన సందు చివరికి చెయ్యి చూపించాడు.

“నీ భుజానికి తొమ్మిది కట్లు కట్టాడే, వాడే.”