డ్రాగన్‌కి జలుబు

"డ్యూటీలో పుస్తకాలా?" అంటూ ఫైరింజను డ్రైవరు చేతిలోంచి నవల లాక్కున్నాడు స్టేషన్ ఆఫీసరు. అట్ట మీద రెక్కలు విప్పిన డ్రాగన్ ఒకటి గుర్రుగా చూస్తోంది.

"చివరి పేజీల్లో ఉన్నాను సార్! రెండు నిమిషాల్లో ముగించేస్తాను."

"మీసాలొచ్చిన మనిషివి, ఎగిరే బల్లి కథ చదవడానికి సిగ్గులేదూ? పైగా నిప్పులు కక్కే బల్లి! మన ప్రాణాలు తీసే రకం."

"ఇది కక్కట్లేదు సార్, పాపం. దానికి జలుబు చేసింది. సగం పుస్తకం నుంచీ ఒక్క రవ్వ కూడా రాలేదు. అక్కడ కొండ మీద గుడ్లేమో చల్లబడిపోతున్నాయి."

"డ్రాగన్‌కి జలుబేమిటయ్యా, నీ తలకాయ!"

ఆ చెత్తంతా నలుగురిలో చదివి డ్రైవరు పరువు తీద్దామని ఆఫీసరు అతను ఆపిన చోటే పుస్తకం తెరిచాడు. మొదటి వాక్యం వెటకారంగా చదివాడు. రెండోదానికి గొంతు తగ్గింది. మూడోదానికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నీళ్ళ పైపులు చుడుతున్న సిబ్బంది ఇద్దరూ పని వదిలేసి దగ్గరికి జరిగారు.

"కాస్త ఆవిరన్నా పట్టించరేం దానికి?" అన్నాడు ఆఫీసరు, కళ్ళు పేజీ మీంచి తిప్పకుండానే.

"మూతి పట్టే గిన్నె ఎక్కడ దొరుకుతుంది సార్?"

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ మంటలార్పడమే తెలిసిన మనిషి, ఒక్క మంట అంటుకుంటే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాడు. డ్రాగన్ గుడ్ల మీదికి వంగింది. గుండెల నిండా గాలి పీల్చింది. నోరు తెరిచింది...

ఆఫీసరు పేజీ తిప్పాడు. అట్ట తగిలింది.

"తర్వాత?"

"అయిపోయినట్టుంది సార్."

"ఇదెక్కడి అన్యాయమయ్యా! వీణ్ణెవడు రాయమన్నాడు?" అని ఆఫీసరు పళ్ళు నూరుతుండగా గంట గణగణా మోగింది.

పక్క వీధిలో ఇస్త్రీ షాపు తగలబడుతోంది. ఇస్త్రీ ఆయన రోడ్డు మీద నిలబడి గుండెలు బాదుకుంటున్నాడు.

"నా ప్రాణం లోపలే ఉండిపోయింది సార్! మూల బల్ల కింద! తడి దుప్పటి చుట్టాను గానీ, ఎత్తుకునేలోపే పొగ కమ్మేసింది!"

ఆఫీసరు హెల్మెట్ బిగించుకున్నాడు. "చంటిపిల్ల లోపలుందిరా! నీళ్ళు నా మీద కొట్టండి!" అని అరిచి మంటల్లోకి దూకేశాడు.

పైకప్పు చిటపటలాడుతోంది. జనం ఊపిరి బిగబట్టారు. కాసేపటికి కనుబొమలు కమిలిపోయి, దగ్గుకుంటూ, దుప్పటి మూటని గుండెలకి హత్తుకుని బయటికొచ్చాడు. వీధంతా చప్పట్లు.

"ఊపిరాడుతోందా సార్?" డ్రైవరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆఫీసరు ఒక్కో మడతా విప్పాడు. చివరి మడతలో ఓ పుస్తకం. అట్ట మీద భగభగా నిప్పులు కక్కుతున్న డ్రాగన్ బొమ్మ, దాని కింద పెద్ద పెద్ద అక్షరాలు: "రెండో భాగం".