తడిసిన ఒడి

డైపర్ల మీద బాతు బొమ్మలెందుకేస్తారో నాకర్థం కాదు. వేసుకున్నవాడికి కనబడవు, మార్చేవాడికి నవ్వు రాదు.

మా ఇంట్లో ఆ మార్చేవాణ్ణి నేనే. మా అమ్మాయి పురుడు పోసుకుని వచ్చిన దగ్గర్నుంచీ పిల్లాణ్ణి తనంతట తను ముట్టుకోలేదు. ఒడిలో పెడితే పాలిస్తుంది, తీసేస్తే అలాగే కూర్చుంటుంది. ఏడవదు, కసరదు. డాక్టరమ్మ మందులిచ్చి, ఓపిక పట్టమంది. నా వేళాకోళాలన్నీ గోడకి చెప్పుకున్నట్టే ఉన్నాయి. నాకూ లోపల ఏమీ అనిపించకుండా పోయింది.

ఇవాళ పొద్దున వాడికి డైపరేసి తన ఒడిలో పడుకోబెట్టాను. కాసేపటికి నైటీ తడిసిపోయింది.

"నాన్నా, కారుతోంది," అంది, కిటికీలోంచి బయటికి చూస్తూనే.

"కంపెనీవాడి తప్పమ్మా. నన్నంటావేం?"

ఈసారి ఒడిలోకి చూసింది. వాణ్ణి మంచం మీద పడుకోబెట్టి డైపర్ విప్పింది.

"తొడల దగ్గర ఈ కుచ్చు లోపలికి మడతపడితే కారదా మరి? వేలు పెట్టి చుట్టూ బయటికి లాగాలి. మగపిల్లాడు కదా, వాడి బుల్లిది కిందికుండాలి. కడుపుతో ఉన్నప్పుడు బొమ్మకి కట్టి మరీ నేర్పించాను. అప్పుడే మర్చిపోయావా?"

"ముసలి బుర్రమ్మా. నీ పేరు గుర్తుంది, సంతోషించు."

నవ్వలేదు. కొత్త డైపర్ కట్టి, కుచ్చు చుట్టూ వేలు తిప్పి చూసి, వాణ్ణి తనే భుజానేసుకుంది. తడి నైటీ మార్చుకోవాలని కూడా తోచలేదు.

నేనేం మర్చిపోలేదు. ఇన్నాళ్ళూ ఒక్క చుక్క కారనివ్వకుండా కట్టినవాణ్ణి. ఇవాళ ఆ కుచ్చు నేనే లోపలికి మడిచాను.