కాచిన నీళ్ళు

వంటింట్లో గిన్నె దొర్లిన చప్పుడైంది.

అత్తగారు పరుగున వచ్చి చూసేసరికి, కోడలి కోసం కాచి చల్లార్చిన నీళ్ళు గచ్చంతా పారుతున్నాయి.

"చెయ్యి జారిందమ్మా" అంది పనిమనిషి, తలెత్తకుండా.

"నిన్న కాలు తగిలింది, ఇవాళ చెయ్యి జారింది. రేపేం వంక చెప్తావు? పిల్లి తాగిందంటావా?"

ముందుగదిలోంచి కోడలు ఫక్కున నవ్వింది.

"పోనీలెండి అత్తయ్యా, మళ్ళీ కాచుకుంటే సరి."

"నీకేం, నవ్వుతావు. కడుపులో ఉన్నది నా మనవడు."

"మనవరాలైతే కాచరా?"

"కాచి, వడగట్టి మరీ పోస్తాను. నోర్మూసుకుని పడుకో!"

అరిచిందే గాని, అత్తగారికి లోలోపల భయమే. కోడలికి మొదటి కడుపు నిలవలేదు. ఇది రెండోది.

కొడుక్కి యురేనియం గని స్టోర్స్‌లో ఉద్యోగం. కంపెనీ ఇచ్చిన క్వార్టర్. పెరట్లోనే బోరు. కాలనీ గోడ అవతల పెద్ద మడుగు. మిల్లులో రాయిని నూరి, కావలసింది తీసుకున్నాక మిగిలిన బురదంతా అందులోకే వదులుతారు. ఎండాకాలంలో దాని మీద తెల్లటి పెచ్చు కట్టేది. కొంగ కూడా వాలేది కాదు.

బోరు నీళ్ళు నాలుకకు కొంచెం వగరుగా తగిలేవి. అందుకే బిందెడు నీళ్ళు సగం ఇంకేదాకా మరిగిస్తే గాని అత్తగారికి నమ్మకం కుదిరేది కాదు.

పనిమనిషి తనంతట తనే వచ్చి పని అడిగింది. దాదాపు అత్తగారి వయసే. ఊరేదంటే చేత్తో ఎటో చూపించేది. ఎండన పడి వచ్చినా ఆ ఇంట్లో చుక్క నీరు ముట్టేది కాదు.

"మా నీళ్ళు నీ గొంతు దిగవా, మహారాణీ?"

"దాహం లేదమ్మా."

ఒకనాటి ఉదయం అత్తగారు తలస్నానం చేసి పెరటి గుమ్మంలోంచి వచ్చింది. పనిమనిషి కాచిన నీళ్ళను తూములో ఒంపేసి, కూరలసంచీలో దాచి తెచ్చిన డబ్బాలోంచి వేరే నీళ్ళు గిన్నెలో నింపుతోంది.

"ఏమిటే అది?"

డబ్బా చేతిలోంచి జారలేదు. ఈసారి గట్టిగానే పట్టుకుంది.

"కొండమీది ఊటనీళ్ళమ్మా. మంచివి."

"కాచని నీళ్ళు! కడుపుతో ఉన్న పిల్లకి! ఎన్నాళ్ళనుంచి?"

"పనిలో చేరినప్పటినుంచీ."

అత్తగారు గిన్నె లాక్కుంది.

"ఎవరు పంపారు నిన్ను? ఎవరి కళ్ళు కుట్టాయే మా మీద?"

"నన్ను తిట్టండి, కొట్టండి. ఆ నీళ్ళు మాత్రం కాచకండమ్మా. కాచేకొద్దీ…"

వీధిలో కంపెనీ జీపు హారన్ వినబడింది. పనిమనిషి పెదవులు బిగించింది.

"కాచేకొద్దీ ఏమవుతుంది? చెప్పు!"

ఆమె డబ్బా కిందపెట్టి, కోడలి వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

అత్తగారు ఊరుకోలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి బయటి నీళ్ళు తెచ్చి ఇళ్ళల్లో పోస్తోందని కొడుకుచేత సెక్యూరిటీ ఆఫీసులో ఫిర్యాదు చేయించింది. ఆమెను మళ్ళీ గేటు దాటి రానివ్వలేదు.

ఆ రోజునుంచి అత్తగారు పొయ్యి దగ్గర కాపలా కూర్చుంది. మునుపటికంటే ఎక్కువసేపు మరిగించి, గ్లాసు తన చేత్తోనే కోడలి నోటికి అందించింది.

కొన్ని వారాలకు కోడలి పాదాలు వాచాయి. తర్వాత మొహం. తర్వాత నవ్వడం మానేసింది.

టౌన్లో డాక్టరమ్మ పాత రిపోర్టులూ కొత్త రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసింది.

"అప్పుడు కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయే! ఈమధ్య తాగే నీళ్ళేమైనా మార్చారా?"

"లేదమ్మా. మా బోరు నీళ్ళే. సగం ఇంకేదాకా…"

అంటూనే అత్తగారు ఆగిపోయింది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది.

"కాస్తే క్రిములు చస్తాయి. ఆ మడుగులోంచి భూమిలోకి దిగేది క్రిమి కాదు కదా! నీళ్ళు ఆవిరైపోతాయి, అది గిన్నెలోనే ఉంటుంది. ఇంకా చిక్కబడుతుంది."

"బిడ్డ?"

"ముందు తల్లిని నిలబెట్టుకోనివ్వండి."

కోడల్ని ఆస్పత్రిలో కొడుక్కి అప్పగించి, అత్తగారు పనిమనిషిని వెతుక్కుంటూ కాలనీ గేటు దగ్గరకు వచ్చింది. అక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉన్న పంపు ఆపరేటర్ని అడిగింది.

"మా పనిమనిషి ఎక్కడుంటుందో తెలుసా బాబూ? కాళ్ళు పట్టుకోవాలి."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పనిమనిషేమిటమ్మా! వాళ్ళబ్బాయి మా మిల్లు ఫోర్‌మన్. కోడలు పోయింది. కొడుకు కిడ్నీలు పాడై ఆస్పత్రిలో ఉన్నాడు. నీళ్ళ సంగతి నోరు విప్పితే వైద్యం ఆపేస్తామని కంపెనీ సంతకం పెట్టించుకుంది. మీ ఫిర్యాదు వెళ్ళింది కదా, ఆపేశారు. కొడుకుని తీసుకుని ఎటో వెళ్ళిపోయింది."

అత్తగారు గేటు కమ్మీ పట్టుకుంది.

"ఇన్ని ఇళ్ళుండగా మా ఇంటికే ఎందుకొచ్చింది బాబూ?"

"మీరు రాకముందు అది ఆవిడ ఇల్లేనమ్మా, ఆ పొయ్యి దగ్గరే నిలబడి, కడుపుతో ఉన్న కోడలికి సగం ఇంకేదాకా కాచి తన చేత్తోనే పోసింది."