బురుజు మీద కావలి

చేను మధ్యలోని పాత బురుజు దగ్గర విత్తనాల ట్రాక్టర్ మళ్లీ ఆగిపోయింది. అది డ్రైవర్ లేని బండి. మనిషి కనబడితే ఆగుతుంది, ఆ మనిషి సైగ చేస్తేనే కదులుతుంది.

“బురుజు మీద ఒక వ్యక్తి ఉన్నారు. చెయ్యి అడ్డం పెట్టారు,” అంది.

ఇంట్లోంచి ఫోన్‌లో ఎంత చెప్పినా వినకపోయేసరికి కొంరయ్య, అతని భార్య ఈరవ్వ చేనుకు పరుగెత్తుకొచ్చారు. ఆ ఊళ్లో జనం చేలల్లో కాలుపెట్టి ఏళ్లయింది. ఎండ ముదిరితే నేలలోని పదును ఆరిపోతుంది. విత్తనం ఈ పూట పడకుంటే ఈ ఏడు పంట లేనట్టే.

బురుజు సగం కూలింది. మెట్లు ఎప్పుడో పోయాయి. పైకెక్కే దారే లేదు.

“పిచ్చి లేసింది దీనికి. మెకానిక్‌ను పిలుస్త,” అన్నాడు కొంరయ్య.

“ఆగయ్యా. మీ అమ్మ చేన్ల కాలువెట్టే ముందు ఏమని కేకేసేది?”

“అది దొంగల కాలం నాటి ముచ్చటనే. బురుజు మీది కావలోడు దొంగలనుకొని రాయి ఇసరకుండ మా తాతలు కేకేసెటోళ్లు.”

“బండి వచ్చినకాడికెల్లి మనం ఒక్కనాడన్న కేకేసినమా?”

ఈరవ్వ కొంగు నడుముకు చెక్కి, తలెత్తకుండానే గొంతెత్తింది.

“ఓ కావలి తాతా! మేమే! చేనోళ్లమే!”

“ఆయన చెయ్యి దించారు,” అని ట్రాక్టర్ కదిలింది.

“నిజంగ ఉన్నడా?” అన్నాడు కొంరయ్య, గొంతు తగ్గించి.

“తలెత్తి సూడు, మొగోనివి గద!”

అతను చూడలేదు. పొద్దుగూకేదాకా ఇద్దరూ సాళ్లకేసే చూస్తూ నిలబడ్డారు. ప్రతి మలుపులోనూ ట్రాక్టర్ చెబుతూనే ఉంది: “ఇంకా ఉన్నారు. మిమ్మల్నే చూస్తున్నారు.”