తిరగమోత

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. గోపాలయ్య కూతుర్ని ఎత్తుకొచ్చి పెరట్లో నీళ్ళు వాడుకునే జాలాడి బండ మీద కూర్చోబెట్టాడు. పక్కనే తనూ గొంతుక్కూర్చున్నాడు. పిల్ల కళ్ళు తెరవలేదు. తల అతని మోకాలికి ఆనించి నిద్రపోతోంది.

"ష్ష్..." అన్నాడు చెవి దగ్గర నోరు పెట్టి.

ఏమీ లేదు.

"ష్ష్..."

చాలాసేపటికి బండ మీద సన్నటి ధార పడింది. గోపాలయ్య గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఈ పూటకు ఒక గుడ్డ తప్పింది.

అలివేలుకు రెండున్నరేళ్ళు. తల్లి పోయి ఏడాదిన్నర. ఆదోనిలో ఆ ఎండాకాలం నీళ్ళు రోజు విడిచి రోజు దొరికేవి. గోపాలయ్య పత్తి అంగడిలో గుమాస్తా పని ముగించుకుని వచ్చి, ఉన్న నాలుగు చెంబుల నీళ్ళతో పిల్ల బట్టలు జాడించి ఆరేసేవాడు. కొన్ని రోజులు పక్కింటి వీరమ్మ అడగకుండానే ఒక బిందె నీళ్ళు గడపలో పెట్టి వెళ్ళిపోయేది. గోపాలయ్య తల్లి చెన్నమ్మకు మోకాళ్ళు వంగవు. ఆమె గడప మీద కూర్చుని చూసేది.

"కర్నూలు రాజధాని అయిపాయ. నీ బిడ్డకు ఇంకా జాలాడి కాడికి పోవడం రాకపాయ," అనేది.

నేర్పడానికి గడువు కూడా ఉంది. గోపాలయ్య భార్యకు అక్క ఇందిరమ్మ. ఎమ్మిగనూరులో మిద్దె ఇల్లు, పాడి, ఇంట్లోనే నీళ్ళ బావి. పిల్లలు మాత్రం లేరు. చెల్లెలి బిడ్డను తానే పెంచుకుంటానని కబురు పంపింది. కబురులో ఒక మాట గట్టిగా చెప్పింది.

"మా అత్త మడి మనిషి. బట్టల్లో పోసుకునే బిడ్డను ఇంట్లో ఉండనీదు. ఆ అలవాటు మాన్పించి తీసుకురాప్పా. వచ్చే నెల ఏకాదశి మంచిది."

కాదనడానికి గోపాలయ్య దగ్గర కారణమేదీ లేదు. అక్కడ పిల్ల సుఖపడుతుంది. పెద్దలంతా అదే అన్నారు. అతనూ తలూపాడు.

నేర్పడం మొదలుపెట్టాడు. పిల్లకు వేళ అర్థం కాలేదు. చోటు అర్థం కాలేదు. చప్పుడు మాత్రం అర్థమైంది. "ష్ష్" అని వినిపిస్తే చాలు, ఎక్కడుంటే అక్కడే. రైలు చూపిద్దామని స్టేషన్‌కు తీసుకుపోతే, ఇంజను ఆవిరి వదలగానే ప్లాట్‌ఫారం మీదే కూర్చుండిపోయింది. చెన్నమ్మ చారుకు తిరగమోత పెడితే, ఆవాలు చుయ్యిమన్నాయో లేదో వంటిల్లు తడిసింది.

"నా తిరగమోతకే పోసె సూడు నీ కూతురు," అంది చెన్నమ్మ.

"కొన్నాళ్ళు తిరగమోత మానేయమ్మా."

"ఉప్పూ కారం కూడా మానేస్తే సరిపాయ."

అంది కానీ, వారం రోజులు ఉత్త చారే పోసింది.

పోనుపోను చోటు కూడా తెలిసింది. ఇంజను ఆవిరి వదిలినా, చారు చుయ్యిమన్నా పిల్ల ఆగడం నేర్చుకుంది. తండ్రి చెవిలో అంటేనే పోసేది. ఒకరోజు తానే వచ్చి అతని వేలు పట్టుకుంది.

"నాయ్నా, ఉచ్చ."

తానే ముందు నడిచి బండ మీద కూర్చుంది. చెన్నమ్మ మనవరాలికి మెటికలు విరిచింది. గోపాలయ్యకు నెల రోజుల అలసట అంతా అప్పుడే ఒంట్లోకి దిగినట్టయింది. ఏకాదశి ఇంకా మూడు రోజులుంది.

ఏకాదశి రోజు పొద్దున బస్సెక్కారు. బస్సు ఆగిన చోటల్లా పిల్లను దించి కూర్చోబెట్టాడు. ఎమ్మిగనూరులో దిగేసరికి గౌను పొడిగానే ఉంది.

ఇందిరమ్మ వాకిట్లోనే పిల్లను ఎత్తుకుంది. టెంకాయ కొట్టి నీళ్ళు తాగించింది. అరటిపండు ఒలిచి పెట్టింది. ఆమె భర్త ఇంద్రసేనయ్య బజారు నుంచి చెక్కబొమ్మ తెప్పించి ఉంచాడు. పిల్ల దాన్ని వదల్లేదు.

పట్టుబట్ట కట్టుకున్న అత్తగారు దూరంగా పీట మీద కూర్చుని అన్నీ గమనిస్తోంది.

"పోసుకుంటాదా?" అంది కోడలితో.

"లేదత్తా. అంతా నేర్పినాడు పాపం. మొగోడయ్యుండి ఎంత ఓర్పో."

"ఏమే, ఇట్లా రా. నీ పేరేంది?"

"అలివేలు."

"మాటకు మాట సెప్తాదే," అని ముసలామె నవ్వింది. పూజ ఎటూ అయిపోయింది కదా అనుకుందేమో, చేతులు చాచి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఇందిరమ్మ కళ్ళు తుడుచుకుంది. అంతా కుదిరినట్టే.

పిల్ల బుగ్గకు అంటిన అరటిపండు తుడవడానికి గోపాలయ్య ఉత్తరీయం పట్టుకుని వంగాడు.

అతను నిటారుగా నిలబడేలోగా ముసలామె ఒడి తడిసిపోయింది.

"నేర్పినాడంట నేర్పినాడు," అంటూ ఆమె లేచింది. "పట్టుబట్ట మైల చేసె."

"తప్పు నాదే పెద్దమ్మా," అన్నాడు గోపాలయ్య చేతులు జోడించి.

ఇంద్రసేనయ్య అతన్ని పక్కకు పిలిచాడు. "ఇంకో రెండేండ్లు పోనీప్పా. బిడ్డకు బుద్ధి తెలిసినాక సూద్దాం. అమ్మ సంగతి నీకు తెలుసు కదా." చెక్కబొమ్మను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

దీపాలు పెట్టే వేళకు గోపాలయ్య ఆదోని చేరాడు. భుజం మీద పిల్ల నిద్రపోతోంది. చెన్నమ్మ గడప మీద నుంచి చూసింది.

"ఏమప్పా, మళ్ళీ ఎత్తుకొస్తివి?"

"అవ్వ ఒళ్ళో పోసిందమ్మా. ఇంకో రెండేండ్లు ఆగమన్నారు."

"బస్సులో లేంది ఆడ ఏమొచ్చె?"

గోపాలయ్య చెప్పులు విడుస్తూ తలెత్తలేదు.

"వంటింట్లో తిరగమోత పెట్టినారు. చుయ్యిమనింది."

 చెన్నమ్మ గోడ పట్టుకుని లేచి, అతని చేతిలోని తడి గౌను తీసుకుని, నీళ్ళ బిందె వైపు నడుస్తూ అంది:

"ఏకాదశి పొద్దు వాళ్ళింట్లో పొయ్యే రాజేయరు కదప్పా."