రాణి పగ్గాలు

తెల్లారి చినుకులు పడి ఆగాయి. ఆమె తన గుర్రాలను రథానికి కట్టి, పగ్గాలు సరిచూసి మేకప్ గదికి వచ్చింది.

పాత పౌరాణిక సినిమాలో రాజు మూర్ఛపోతే, రాణి పగ్గాలందుకుని యుద్ధం గెలిపిస్తుంది. దాన్నే మళ్లీ తీస్తున్నారు. రాణికి డూపుగా తోలడానికి ఆమె మూడు నెలలు గుర్రాలకు తర్ఫీదు ఇచ్చింది.

మేకప్ వేసేది ఆమె మొగుడే. పెట్టెలోంచి రాణి జడ తీస్తాడనుకుంటే మీసం తీశాడు.

"ఇదేంటయ్యా, నాకా?"

"కథ మార్చారే. రాజు మూర్ఛపోడు, ఆయనే తోలుతాడు. రాణి వెనక దండం పెట్టుకుని కూర్చుంటుంది. హీరోకేమో గుర్రమంటే వణుకు. అందుకని నువ్వే తోలాలి."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఒట్టు, ఇప్పుడే చెప్పారు. పెట్టెలో ఏదో పాత మీసం దొరికింది, సర్దుకో."

అతను అంటించాడు. అద్దంలో చూస్తే అది ఆమె పెదవికి అచ్చంగా సరిపోయింది. ఒక్కో వెంట్రుకా ముడేసి అల్లిన కొత్త మీసం, పదిరోజుల పని.

పోయిన నెల అతను దారంతో ఆమె పై పెదవి కొలిచాడు. ఎందుకని అడిగితే, "ముద్దొస్తున్నావు" అన్నాడు. ఆమె నవ్వింది.

మీసం ఊడదీసి అతని చేతిలో పెట్టింది.

ఎనిమిదింటికి ఆమె వెళ్లిపోయింది. గుర్రాలు రెండూ ఆమెతోనే వెళ్లాయి.